ఇంజన్ ఆపి పెట్టే టైమింగ్

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను చూడగానే ఏ కంపెనీ ట్రెయినింగ్ మంచిదని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ఏ కంపెనీలోనూ నేర్చుకోలేదు. నాకు తెలిసింది పాత పెట్రోలు ఇంజన్లు, వాటిలోనూ ముఖ్యంగా టైమింగ్. ఎప్పుడు మేస్త్రీనయ్యాను, ఎప్పుడు హెడ్ మెకానిక్‌నయ్యాను అన్నవి ఎవరికీ పనికిరాని సంగతులు. నా పనిని నిజంగా మార్చింది ఒక కారు, ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల గురించి రాస్తే మీకు కాస్త ఉపయోగం ఉండవచ్చు. నాకైతే వాళ్ల రుణం తలుచుకున్నట్టు ఉంటుంది.

ముందు టైమింగ్ అంటే ఏమిటో చెప్పాలి. సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు కలిసిన గాలిని నొక్కుతుంది. అది పూర్తిగా పైకి చేరేలోపే, కొంచెం ముందుగా, ప్లగ్ నిప్పురవ్వ వేయాలి. మంట అంటుకుని పెరగడానికి కాస్త వ్యవధి కావాలి కదా. రవ్వ ఆలస్యమైతే బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది, వేడెక్కుతుంది. మరీ తొందరగా పడితే, పైకి వస్తున్న పిస్టన్‌కు మంట ఎదురు తగులుతుంది. ఉయ్యాల ఇంకా మన వైపు వస్తుండగానే తోస్తే మన చేతికే దెబ్బ తగలదా, అలాగన్నమాట. దాన్ని మేం నాకింగ్ అంటాం. రేకు డబ్బాలో చిన్న గులకరాళ్లు వేసి ఊపినట్టు సన్నటి చప్పుడు వస్తుంది. పట్టించుకోకుండా నడిపితే చివరికి పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

చెవి మీద బతికిన రోజులు

మాది కొత్వాల్‌గూడ. వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా బాపు పొలంలో నీళ్లు తోడడానికి ఒక ఆయిల్ ఇంజన్ ఉండేది. ఎంత దూరంలో నాగలి పట్టుకుని ఉన్నా, దాని చప్పుడులో తేడా వస్తే చాలు, ఆయన ఎడ్లను ఆపి తలెత్తేవాడు. ఆయనకు ఇంజన్ పని రాదు. దాని ఊపిరి మాత్రం తెలుసు. నాకు ఆ అలవాటు ఆయన నుంచే వచ్చిందనుకుంటాను.

తర్వాత పట్నంలో, నాంపల్లి దగ్గర ఒక గ్యారేజీలో కుదిరాను. అక్కడి ఉస్తాద్ కర్రపిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని నా చెవికి పెట్టేవాడు. ఏది వాల్వుల చప్పుడు, ఏది గొలుసు చప్పుడు, ఏది నాకింగ్, ఒక్కొక్కటీ విడదీసి చెప్పించేవాడు. ఏ సిలిండర్‌కు ఎప్పుడు నిప్పురవ్వ పంపాలో చూసుకునే భాగాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారు. ఇంజన్ నడుస్తుండగా దాన్ని వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే, ఒక చోట ఇంజన్ గొంతు సాఫీ అవుతుంది. అక్కడ ఆపి బిగించాలి. ఆయన నాకు నేర్పిన టైమింగ్ ఇదే.

ఆ విద్య నాకు చాలా ఏళ్లు అన్నం పెట్టింది. పాత కార్లు ఉన్నవాళ్లు నన్ను చెవుల అంజయ్య అనేవాళ్లు. బానెట్ తెరవకముందే జబ్బు చెబుతానని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఎవరైనా కొత్తవాళ్ల ముందు నన్ను అలా పరిచయం చేస్తే, వినబడనట్టు తల వంచుకుని పని చేసుకునేవాణ్ని గానీ, లోపల ఛాతీ వెడల్పయ్యేది.

సుగుణమ్మ షెడ్డు

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది సుగుణమ్మ బెంగళూరు రోడ్డు పక్కన షెడ్డు పెట్టింది. ఆమెది మంఖాల్. భర్త పక్కనే టైర్ల దుకాణం చూసుకునేవాడు, షెడ్డు మాత్రం పూర్తిగా ఆమె చేతుల్లోనే. వయసులో నాకంటే చాలా చిన్నది. మా ఊరికి దగ్గరని నేను పట్నం వదిలి ఆమె దగ్గర చేరాను.

ఆమెకు పానా పట్టడం రాదు. రాదని ఆమే చెప్పేది. అయితే బాగుచేసిన ప్రతి బండినీ ఇచ్చేముందు, యజమానిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక కూర్చుని, మెకానిక్ చేత రోడ్డు మీద నడిపించేది. తిరిగొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు. యజమాని ఇంకా ఏదో తేడా ఉందంటే ఉన్నట్టే. మెకానిక్ లేదని ఒట్టేసినా సరే, బండి మళ్లీ షెడ్డులోకే. మొదట్లో నాకు అది గిట్టేది కాదు. బండి సంగతి నడిపేవాడికేం తెలుసు, బాగుచేసేవాడికి తెలియాలి గానీ, అనుకునేవాణ్ని. నేను ఎంతోమంది దగ్గర పనిచేశాను. కొందరికి పని తెలుసు, కొందరికి మనుషులు తెలుసు. తనకు ఏమి తెలియదో తెలిసిన యజమాని మాత్రం సుగుణమ్మ ఒక్కతే. అది ఎంత పెద్ద గుణమో నాకు తెలిసివచ్చే రోజు ఇంకా ముందుంది.

షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా విమానాశ్రయం టాక్సీలు. వాటి టైమింగ్‌ను కంప్యూటర్ చూసుకుంటుంది, తిప్పడానికి డిస్ట్రిబ్యూటరే ఉండదు. నేను బ్రేకులూ క్లచ్‌లూ చేసుకుంటూ ఉండేవాణ్ని. నా చెవితో ఎవరికీ పని లేదు. అందువల్లే దానికి ఏమవుతోందో నాకూ తెలియలేదు.

పంపు ఉన్న కారు

వసుంధర గారు ఆ కారును ట్రక్కు మీద ఎక్కించి తెచ్చారు. ఇద్దరు మాత్రమే పట్టే జర్మన్ స్పోర్ట్స్ కారు, నేను నిక్కర్లు వేసుకునే కాలం నాటిది. ఆకుపచ్చ రంగు వెలిసిపోయి ఉంది. ఇంట్లో ఎవరి గుర్తుగానైనా ఉంచుకున్నారా అని సుగుణమ్మ అడిగింది. ఆమె నవ్వి, అలాంటిదేం లేదన్నారు. అటువంటి కారు నడపాలని చిన్నప్పటి నుంచి కోరికట, ఎక్కడో మూలన పడి ఉంటే చూసి కొన్నారట.

ఆమెది రాజమండ్రి వైపు. శిక్షణ విమానాల ఇంజన్లు బాగుచేసే ఇంజనీరుగా పనిచేసి అప్పటికే రిటైరయ్యారు, శంషాబాద్‌లోనే ఇల్లు కట్టుకున్నారు. ఆమె ఆ పనిలో చేరిన కాలంలో అక్కడ ఆడవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి. కారు బ్రేకులు, వైర్లు ఆమే సొంతంగా చేసుకున్నారు. ఇంజన్‌కు మాత్రం ఇలాంటివాటితో అలవాటున్న మనిషి కావాలని నా పేరు విని వచ్చారు.

ఆ కాలపు కార్లకు మామూలుగా పెట్రోలును గాలిలో కలిపే కార్బొరేటర్ ఉంటుంది. దీనికి లేదు. ఒక పంపు పెట్రోలును కొలిచి ఒక్కో సిలిండర్ వైపు చిమ్ముతుంది. కంప్యూటర్ గింప్యూటర్ లేదు, అంతా ఇనుప పళ్లు, స్ప్రింగులు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి బండికి నాకింగ్ వస్తే కొందరు పంపు స్క్రూ తిప్పి పెట్రోలు ఎక్కువ పోయిస్తారు. ఎక్కువైన పెట్రోలు లోపల చల్లబరిచి చప్పుడును కప్పేస్తుంది. బండి నల్లపొగ కక్కుతుంది, జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది. యజమాని సంతోషంగా వెళ్లిపోతాడు. అలా చేసేవాణ్ని నేను మెకానిక్ అనను. వసుంధర గారు వచ్చిన రోజే ఆ మాట అన్నారు. నిప్పురవ్వ సరైన చోట పడుతోందని తేలేదాకా పంపును ఎవరూ ముట్టుకోవద్దని. ఇంకో మాట కూడా చెప్పారు. ఈ ఇంజన్ పిస్టన్లు ఇప్పుడు దొరకడం లేదట. ఒక్కటి పాడైనా కారు మళ్లీ మూలకే.

నేను డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేసిన రోజు నాకు పండగలా ఉంది. ఎప్పటిలాగే వింటూ వింటూ తిప్పాను. ఇంజన్ గొంతు సాఫీ అయిన చోట ఆపాను. తర్వాత టైమింగ్ లైటుతో కూడా చూశాను. ఇంజన్ ముందు తిరిగే చక్రం, అంటే పుల్లీ మీద ఒక గీత ఉంటుంది, రవ్వ పడినప్పుడల్లా ఈ లైటు వెలిగి ఆ గీత ఎక్కడుందో చూపిస్తుంది. గీత ఉండాల్సిన చోటే ఉంది. చెవీ లైటూ ఒకే మాట చెప్పాయి. ఇంకేం కావాలి?

ఇద్దరే పట్టే కారు కాబట్టి సుగుణమ్మకు వెనక సీటు లేదు. నేను నడిపాను, వసుంధర గారు పక్కన కూర్చున్నారు. మంఖాల్ వైపు పోతుంటే రోడ్డు ఒక చోట బాగా ఎత్తెక్కుతుంది. అక్కడ టాప్ గేరులోనే ఉంచి తొక్కాను. ఆమె వెంటనే చెయ్యెత్తి ఆపమన్నారు.

"విన్నారా?" అని అడిగారు.

"ఏంది మేడం?"

"నాకింగ్. ఎత్తు మొదలైనప్పటి నుంచి వస్తూనే ఉంది."

బండి వెనక్కి తిప్పి మళ్లీ అదే ఎత్తు ఎక్కించాను. గాలి వినబడింది, టైర్లు వినబడ్డాయి, సైలెన్సర్ గొంతు వినబడింది. నాకింగ్ లేదు. పాత బండి కదా, వాల్వుల చప్పుడు అయి ఉంటుందని చెప్పాను. ఆమె వాదించలేదు. షెడ్డుకు వచ్చాక సుగుణమ్మను ఎక్కించుకుని తానే నడుపుకుంటూ మళ్లీ వెళ్లారు. తిరిగొచ్చాక సుగుణమ్మ నా ఎదురుగా నిలబడి, మెల్లగా చెప్పింది.

"అన్నా, నాకు గూడ వినవడ్డది."

ప్లగ్ మీద మచ్చలు

నాకు కోపం వచ్చింది. విమానాల ఇంజనీరంటే సరే, పానా పట్టడం రాని మనిషికి వినబడింది నాకు వినబడకపోవడమేమిటి? వాళ్లది తప్పని చూపించడానికే ప్లగ్‌లు విప్పాను. నాకింగ్ ఉంటే ప్లగ్ తెల్ల పింగాణీ మీద తెలుస్తుంది, లేకపోతే శుభ్రంగా ఉంటుంది. మొదటిది వెలుతురులో పట్టుకుని చూశాను. మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. వాటి మధ్యలో మెరిసే రేణువులు. అది పిస్టన్ నుంచి ఊడివచ్చిన లోహం.

ప్లగ్‌ను గుడ్డలో పెట్టి బల్ల మీద ఉంచాను. వసుంధర గారు వచ్చి చూశారు. నేను చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయాను.

అన్నం తింటూ బాలమణికి, అంటే నా భార్యకు, జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. పళ్లెంలో పచ్చిపులుసు పోస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"పోయిన ఎండకాలం సంది నీకు ఫోను మోగేది వినవడ్తలేదు. కుక్కర్ కూత గూడ వినవడ్తలేదు. చెప్తే మనసు కష్టపెట్టుకుంటవని ఊకున్న. నేనే గట్టిగ మాట్లాడుతున్న."

అప్పుడు గుర్తుకు తెచ్చుకుంటే, వానాకాలం సాయంత్రాలు కీచురాళ్లు అరవడం నేను విని చాలాకాలమైంది. అవి లేవనుకున్నాను. కట్టడాలు పెరిగి, పొలాలు పోయి, వాటికి చోటు లేక వెళ్లిపోయాయనుకున్నాను.

మర్నాడు దవాఖానకు పోతే, ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. లావు చప్పుళ్లకు ఎత్తాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిందేమోనని అద్దంలోంచి చూస్తే, డాక్టరమ్మ బటన్లు నొక్కుతూనే ఉంది. బయటికి వచ్చాక వివరంగా చెప్పింది. మాటలు, లావు చప్పుళ్లు వినబడుతున్నాయి, సన్నటివి పోయాయి, ఇన్నేళ్లు ఇంజన్ల పక్కన చెవులకు ఏ అడ్డూ లేకుండా ఉన్నందుకు అలా అయింది, పోయినవి తిరిగి రావు. నాకింగ్ సన్నటి చప్పుడే. నా పేరులో ఉన్న చెవి ఇక లేదు.

చెప్పడం

దవాఖానకు పోయివచ్చిన మర్నాడు పొద్దున, సుగుణమ్మ షట్టర్ ఎత్తుతుండగా వెళ్లాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పేశాను.

"సుగుణమ్మా, ఇగ ఈ పని నాతోని కాదు. సన్న సప్పుళ్లు నాకు వినవడ్తలేవు. దవాఖానల చూసి చెప్పిన్రు."

ఆమె షట్టర్ పూర్తిగా పైకి తోసి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"వినవడ్తలేదని నీ నోటితోనే చెప్పినవు సూడు అన్నా, గది చాలు నాకు. వినవడకున్నా వినవడ్డదని చెప్పేటోళ్లతోనే నాకు పరేషాన్."

పని మానేసే సంగతి తర్వాత చూద్దామంది. బండి మాత్రం వసుంధర గారిది, సగంలో ఉంది, కాబట్టి ఆమెకు కూడా చెప్పాలంది. అదే నాకు కష్టమైంది. నా పేరు విని వచ్చిన మనిషికి ఆ పేరు ఇప్పుడు ఉత్తదని ఎలా చెప్పాలి? బండిని వేరేచోటికి తీసుకుపోతానంటే తప్పుపట్టలేను. అయినా ఫోను చేయించాను. ఆమె వచ్చారు. బల్ల మీద కూర్చుని అంతా విన్నారు. జాలిపడలేదు, ఓదార్చలేదు. ఏవి వినబడుతున్నాయి, ఏవి వినబడటం లేదు అని మాత్రం వివరంగా అడిగారు. తర్వాత అన్నారు:

"మా ఇంజన్ల దగ్గర చెవికి పెద్దగా పని ఉండదండీ అంజయ్య గారూ. ప్రొపెల్లర్ తిరుగుతుంటే పక్కన నిలబడ్డవాడి మాటే వినపడదు. అందుకని మేము ఇంజన్ ఆపేసి టైమింగ్ పెడతాం."

"ఆగిపోయిన ఇంజన్‌కా మేడం?"

"ఆగిన ఇంజన్‌కే. నేను చూపిస్తాను. నాకు మీ చేతులు కావాలి."

నా ఉస్తాద్ తర్వాత నాకు పని నేర్పిన రెండో మనిషి ఆమె. ఆ వయసులో నాకు ఇంకొక గురువు దొరుకుతారని నేను అనుకోలేదు.

ఆగిన ఇంజన్

ఆమె ఇంటి నుంచి ఒక గుండ్రటి రేకుబిళ్ల తెచ్చారు. దాని అంచు చుట్టూ డిగ్రీలు చెక్కి ఉన్నాయి. దాన్ని ఇంజన్ ముందున్న పుల్లీకి బిగించి, పక్కన ఒక తీగను ముల్లులా వంచి పెట్టాం. నన్ను ఒక పాత ప్లగ్ లోపలంతా తొలిచి, అందులో మొద్దు బోల్టు ఒకటి బిగించమన్నారు. దాన్ని మొదటి సిలిండర్‌లో ప్లగ్ ఉండే చోట పెట్టాం. పిస్టన్ పైకి వస్తే ఆ బోల్టుకు తగిలి ఆగిపోతుంది. మిగతా ప్లగ్‌లన్నీ తీసేశాం, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరగడానికి.

మెల్లగా ఒకవైపు తిప్పాను. ఆగింది. ముల్లు దగ్గర రేకుబిళ్ల మీద గీత పెట్టాం. రెండోవైపు తిప్పాను. మళ్లీ ఆగింది. అక్కడా గీత పెట్టాం. ఆ రెండు గీతలకూ సరిగ్గా మధ్యన ఎక్కడుందో, పిస్టన్ నిజంగా పైకి చేరేది అక్కడ. ఇందులో వినేది లేదు, ఊహించేది లేదు. తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది, అంతే. బోల్టు తీసేసి పిస్టన్‌ను ఆ మధ్య చోటుకు తెచ్చాం. అప్పుడు పుల్లీ మీద ఉన్న పాత గీతను చూశాను. ఉండాల్సిన చోటుకు ఒక వేలి మందం పక్కకు ఉంది.

ఇద్దరం కిందికి వంగి చూశాం. ఆ పుల్లీ ఒకటే ముక్క కాదు. లోపల ఒక చక్రం, బయట ఒక వలయం, మధ్యలో వాటిని పట్టి ఉంచే రబ్బరు. ఏళ్లు గడిచి రబ్బరు పట్టు వదిలేసింది. గీత ఉన్న వలయం మెల్లగా జరిగిపోయింది. అంటే లైటు నాకు చూపించింది అబద్ధపు గీతను. ఇక నా చెవి సంగతి. రవ్వ కాస్త తొందరగా పడితే ఊరికే నిలబడి ఉన్న బండిలో ఇంజన్ మరింత తియ్యగా నడుస్తుంది. బరువు పడ్డప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. ఆ బరువులో వచ్చే చప్పుడే నాకు వినబడనిది. వసుంధర గారు పాత గీతను తుడిచేయించి, సరైన చోట తెల్లరంగుతో కొత్త గీత పెట్టించారు. కొత్త పుల్లీ తెప్పించేదాకా మాటిమాటికీ ఇలాగే సరిచూసుకోవాలన్నారు. తర్వాత తెప్పించారు కూడా.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసినప్పుడు ఒకటి జరిగింది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ రవ్వ ఇంకా ముందుగా పడాలి, అందుకు లోపల చిన్న గుండ్లూ స్ప్రింగులూ ఉంటాయి. ఇరుసును వేళ్లతో కొంచెం తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. నేను అలవాటుకొద్దీ తిప్పి వదిలాను. వెనక్కి వచ్చింది గానీ, చివర్లో బద్ధకంగా వచ్చింది. కంటికి కనబడేంత తేడా కాదు, వేలికొనకు తెలిసింది. విప్పి చూస్తే ఒక గుండు కింద పాత గ్రీజు ఎండి జిగురులా పట్టుకుంది. శుభ్రం చేశాను. మళ్లీ తిప్పి చూసి, వసుంధర గారి చేతికిచ్చాను. ఆమె కూడా తిప్పి చూశారు. ఇది తనకు తట్టలేదని, మంచిపని చేశానని అన్నారు. పొద్దుటి నుంచి నా గుండెల మీద ఉన్న బరువు ఆ మాటతో సగం దిగింది.

చివరి పని చిన్న బల్బుతో. ఇంజన్‌ను, కంపెనీ చెప్పిన డిగ్రీ దగ్గరికి, అది మామూలుగా తిరిగే వైపే చేత్తో తెచ్చి ఆపాం. డిస్ట్రిబ్యూటర్‌లో ఒకదానికొకటి తాకుతూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి, వాటిని పాయింట్లంటాం; వాటికి బల్బు తగిలించాం. పాయింట్లు విడిపోయే క్షణంలోనే రవ్వ పడుతుంది, ఆ క్షణంలోనే బల్బు వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వచ్చాను. షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. సుగుణమ్మ టాక్సీవాళ్లను కూడా హారన్ కొట్టొద్దని బయటే ఆపేసింది. బల్బు వెలిగింది. అక్కడే బిగించాను.

తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేసి, కొత్త గీత మీద లైటు వేసి, వేగం పెంచినప్పుడు రవ్వ ముందుకు జరుగుతోందో లేదో చూశాం. జరుగుతోంది. వదిలితే వెనక్కి వస్తోంది.

కొత్త ప్లగ్‌లు వేసి మళ్లీ మంఖాల్ రోడ్డుకు వెళ్లాం. ఈసారి వసుంధర గారు నడిపారు. ఎత్తు దగ్గరికి రాగానే టాప్ గేరులో ఉంచి గట్టిగా తొక్కారు. చప్పుడు ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. రోడ్డు వదిలేసి ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆమె పెదవులు బిగించి, తల కొద్దిగా పక్కకు వంచి వింటున్నారు. ఎత్తు అయిపోయింది. ఆమె బండి ఆపలేదు. ఆ తర్వాత కూడా ఆపలేదు. శ్రీశైలం రోడ్డు తగిలేదాకా అలాగే నడిపారు, కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, చిన్నపిల్లలా. నాకు జవాబు దొరికింది.

సుగుణమ్మ కూడా తన వంతుగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. చల్లారాక ప్లగ్‌లు విప్పితే పింగాణీ మీద ఒక్క చుక్క లేదు. లేత ఇటుకరంగు పట్టి ఉంది. పంపు స్క్రూను ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాతి ఏళ్లు

నేను పని మానలేదు. షెడ్డుకు పాత కార్లు మళ్లీ రావడం మొదలైంది. ప్రతిదానికీ ఇంజన్ ఆపాకే టైమింగ్ పెట్టాను. చెవితో చేసినదానికంటే ఎక్కువసేపు పడుతుంది. కొందరు యజమానులు విసుక్కున్నారు. అయినా ఏ గీతనూ సరిచూడకుండా నమ్మలేదు. ఇలా జరిగిపోయిన గీతలు మరికొన్ని కార్లలో కూడా కనబడ్డాయి.

పని మొదలుపెట్టేముందే ప్రతి యజమానికీ చెప్పేవాణ్ని: సన్న చప్పుళ్లు నాకు వినబడవు, నడిపేటప్పుడు మీరే విని చెప్పాలి అని. ఆ మాట విని వెళ్లిపోయినవాళ్లు కొందరున్నారు. ఉన్నవాళ్లు మాత్రం అంతకు ముందెప్పుడూ విననంత శ్రద్ధగా తమ బండిని వినడం నేర్చుకున్నారు. నా చెవి బాగున్న రోజుల్లో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం మొదలుపెట్టాక, యజమాని చెప్పే ఒక్క మాటలో ఎంత జబ్బు దొరుకుతుందో తెలిసింది. సుగుణమ్మ వెనక సీటు అర్థం కూడా అప్పుడే తెలిసింది. చెవులకు మిషన్ పెట్టించుకున్నాను గానీ, ఇంజన్ పక్కన అది కీచుమంటుంది, పనిలో ఉన్నప్పుడు తీసి జేబులో వేసుకునేవాణ్ని. మీరైతే మొదటి రోజు నుంచే చెవులకు ఏదైనా అడ్డం పెట్టుకోండి. నాకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

వసుంధర గారు అప్పుడప్పుడు షెడ్డుకు వచ్చి, బల్ల మీద కూర్చుని టీ తాగి, నేను చేసే బండిని చూసి వెళ్లేవారు. నేను పని చాలించిన ఏడాదే ఆమె కూడా ఇక్కడి ఇల్లు వదిలి, చెల్లెలి దగ్గర ఉండడానికి రాజమండ్రి వెళ్లిపోయారు. కారును ట్రక్కులో పంపమని అందరూ చెప్పారు. ఆమె వినలేదు. బయలుదేరే ముందు నా దగ్గరికి తెచ్చి, మరొక్కసారి టైమింగ్ చూడమన్నారు. సుగుణమ్మ షెడ్డులో నేను చేసిన చివరి పని అదే. రేకుబిళ్ల, బోల్టు, బల్బు, అన్నీ నా చేతులతోనే. ఆమె పక్కన నిలబడి చూశారు గానీ ఒక్క మాట చెప్పలేదు. అయిపోయాక నా రెండు చేతులూ పట్టుకుని, వెళ్లొస్తానన్నారు. జాగ్రత్తగా పోయిరమ్మని సుగుణమ్మ చెప్పింది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. ఫోనులో మాటలు నాకు కలగాపులగంగా వినబడతాయి కాబట్టి బాలమణే ఎత్తింది. చాలాసేపు ఊ కొడుతూ విన్నది. ఫోను పెట్టేసి నాకు చెప్పింది.

"మేడం ఇల్లు చేరిందట. తొవ్వ పొడుగుత ఎత్తుల కాడ గూడ బండి ఒక్కపారన్న సప్పుడు చెయ్యలేదట. నీకు చెప్పమన్నది."

నాకు మొదటిసారే వినబడింది. అయినా "ఏంది?" అన్నాను. బాలమణి నా దగ్గరికి వచ్చి కూర్చుని, మొదటి నుంచి మళ్లీ అంతా చెప్పింది.